దేవుడున్నాడా అని అడిగితే మావాళ్ళు చెప్పిన జవాబులు

మా ఇంట్లో దేవుడి గురించి మాట్లాడగల సమర్థులు ఇద్దరు. ఒకరు తాతయ్య, మా నాన్నకు నాన్న. రెండోవాడు మామయ్య, మా అమ్మకు తమ్ముడు. తాతయ్యది చదువుకున్న భక్తి. ఉపనిషత్తులు మూలంతో సహా చదివినవాడు. మామయ్యది చదువుకున్న నాస్తికత్వం. ఆయనా అవే ఉపనిషత్తులు చదివాడు, కాకపోతే చేతిలో పెన్సిలు పట్టుకుని చదివాడు. సెలవులకు మామయ్య వస్తే వాళ్ళిద్దరి మధ్య చోటు చూసుకుని కూర్చునేవాణ్ణి. వాళ్ళు నేరుగా వాదించుకున్నది తక్కువే. పెద్దరికాలు అడ్డొచ్చేవి. అడగడానికి నేనున్నాను కదా! ఒకరిని అడిగిన ప్రశ్ననే రెండోవారి దగ్గరికి మోసుకెళ్ళేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే, ఇద్దరూ నన్ను రాయబారిగా బాగానే వాడుకున్నారని అనుమానం వస్తుంది.

ఇద్దరూ పోయి చాలాకాలమైంది. చెప్పిన జవాబుల్లో సగం గుర్తులేవు. ప్రశ్న వినగానే వాళ్ళు చేసే పనులు మాత్రం కళ్ళకు కట్టినట్లున్నాయి. తాతయ్య కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకునేవాడు. అంటే కథ వస్తుందన్నమాట. మామయ్య కుర్చీ అంచుకు జరిగేవాడు. అంటే ఎదురు ప్రశ్న వస్తుందన్నమాట.

పిల్లలందరూ అడిగే ప్రశ్నే నేనూ మొదట అడిగాను. "అన్నిటినీ దేవుడు చేస్తే, దేవుణ్ణి ఎవరు చేశారు?" తాతయ్య అద్దాలు తుడిచి బృహదారణ్యకోపనిషత్తులోని గార్గి కథ ఎత్తుకున్నాడు. జనకుడు పిలిపించిన సభ. పండితులు ఒక్కొక్కరే లేచి యాజ్ఞవల్క్యుణ్ణి ప్రశ్నిస్తున్నారు. గార్గి వంతు వచ్చింది. ఇదంతా నీళ్ళలో పడుగూ పేకలా అల్లుకుని ఉంటే, ఆ నీళ్ళు దేనిలో అల్లుకుని ఉన్నాయని అడిగింది. గాలిలో. మరి గాలి? అలా ఒక్కో లోకమే దాటించి, బ్రహ్మలోకాల దాకా ఆయనను లాక్కెళ్ళి, అవి దేనిలో అని అడిగింది. అప్పుడు యాజ్ఞవల్క్యుడు, గార్గీ, హద్దు దాటి అడగకు, తల పడిపోతుంది అన్నాడు. గార్గి ఊరుకుంది. "విన్నావుగా" అన్నాడు తాతయ్య. నేను తల తడుముకుంటూ లేచి వెళ్ళిపోయాను.

మామయ్య వచ్చాక ఈ సంగతి చెబితే పడీపడీ నవ్వాడు. "కథ అక్కడితో అయిపోయిందన్నారా? మిగతాది కూడా చెప్పమను." పరుగెత్తుకెళ్ళి అడిగాను. తాతయ్య దొరికిపోయినట్లు చూసి, మిగతాది చెప్పాడు. అదే అధ్యాయంలో, కాస్త తరవాత, గార్గి మళ్ళీ లేస్తుంది. ఈసారి సభ అనుమతి తీసుకుని లేస్తుంది. వీరుడు విల్లు ఎక్కుపెట్టి రెండు బాణాలు చేతబట్టి వచ్చినట్లు నీ మీదికి రెండు ప్రశ్నలతో వస్తున్నాను అంటుంది. ఆ రెంటికీ యాజ్ఞవల్క్యుడు జవాబు చెబుతాడు. ఎవరి తలా పడిపోదు. పైగా సభ వైపు తిరిగి, ఈయనకు ఒక నమస్కారం పెట్టి బయటపడగలిగితే అదే మీకు పదివేలు అని తీర్పు చెప్పేది కూడా గార్గే.

"మరి మొన్న సగమే చెప్పావేం తాతయ్యా?"

"మొన్న నాకు నిద్ర వస్తోంది."

ఇంత నిజాయతీగల జవాబు ఆ తరవాత ఆస్తికుల దగ్గర గాని, నాస్తికుల దగ్గర గాని నేను విన్నది తక్కువ. ప్రశ్నలను ఆపేది ఎప్పుడూ సిద్ధాంతమే అనుకుంటాం. చాలాసార్లు అలసట. "నీ వయసెంత, నువ్వు అడిగేదేమిటి" అని గద్దించిన పెద్దలను తలుచుకున్నప్పుడల్లా, వీళ్ళలో ఎందరికి నిద్ర వస్తూ ఉండిందో అనిపిస్తుంది.

మామయ్యది వేరే దారి. ఆయనకు నిద్ర వచ్చేది కాదు. "చచ్చిపోయాక ఏమవుతాం మామయ్యా?" అంటే, "పుట్టకముందు ఎక్కడున్నావు?" అనేవాడు. గుర్తులేదు. "అప్పుడు భయం వేసిందా?" లేదు. "ఇదీ అంతే." దీనితో నేను బడిలో చాలామంది నోళ్ళు మూయించాను. అది మామయ్య సొంత ఆలోచన కాదని, రెండు వేల ఏళ్ళ కిందట లుక్రేషియస్ అనే రోమన్ కవి చెప్పిన వాదమని తెలిసినప్పుడు కాస్త చిన్నబుచ్చుకున్నాను. మామయ్య జవాబులన్నీ అంత పదునుగానే ఉండేవి. కానీ ఏదైనా తెలుసుకుందామని వెళితే పరీక్ష రాసి వచ్చినట్లుండేది.

అమ్మ ఈ చర్చల్లోకి వచ్చేది కాదు. ఒక రాత్రి కరెంటు పోయి అందరం ఆరుబయట కూర్చున్నప్పుడు, ఇద్దరు పండితులూ అక్కడే ఉండగా, నేను కావాలనే అమ్మను అడిగాను. "అమ్మా, దేవుడు నిజంగా ఉన్నాడా?"

"ఏమో. ఆయనకు చెప్పుకుంటే నాకు మనసు తేలికపడుతుంది."

మామయ్య వెంటనే అందుకున్నాడు. "అక్కా, వాడు అడిగింది ఉన్నాడా లేడా అని. నీకు తేలికగా ఉంటుందా అని కాదు. అబద్ధంతో కూడా మనసు తేలికపడుతుంది."

అమ్మ కాసేపు ఆలోచించింది. "నాకు వాదించడం రాదు. నీకు కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటావురా?"

మామయ్య కుర్చీ అంచుకు జరిగిన చప్పుడు వినబడింది గాని, ఎదురు ప్రశ్న రాలేదు. "నీకే కదా అక్కా" అన్నాడు చివరికి. తాతయ్య చీకట్లో గట్టిగా నవ్వాడు. ఎవరు నెగ్గారని నవ్వాడో మరి.

తర్కానికి నిలబెడితే ఇప్పటికీ మామయ్య మాటే నెగ్గుతుంది. ఉపయోగపడినంత మాత్రాన ఏదీ నిజమైపోదు. అయితే అమ్మ చేసిన పని చాలామంది భక్తులు చెయ్యరు. తాను ఎందుకు నమ్ముతోందో ఉన్నదున్నట్లు చెప్పేసింది. మిగతావాళ్ళు అది పక్కనపెట్టి, గడియారం ఉందంటే దాన్ని చేసినవాడు ఉండాలి కదా అని మొదలుపెడతారు. గడియారం చూసి భక్తుడైన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నాస్తికుల వరసా అంతే. ఆధారాలు లేవు కాబట్టి నమ్మడం లేదంటారు. ఆ మాట సరైనదే కావచ్చు. కదిపి చూస్తే వెనక ఇంకేదో ఉంటుంది. ఒక చావు, భక్తి పేరుతో ఎవరో చేసిన ఒక అవమానం, లేదంటే సరైన వయసులో సరైన పుస్తకం చేతిలో పెట్టిన ఒక స్నేహితుడు. పైకి చెప్పే కారణం ఒకటి, మనిషిని అక్కడ నిలబెట్టిన కారణం ఇంకొకటి. ఈ రెండోది అడగగానే బయటికి రాదు. వస్తే గిస్తే ఎప్పుడో, అడిగినవాడు మరిచిపోయాక వస్తుంది.

మామయ్య విషయంలో అది ఉత్తరంలో వచ్చింది.

అమ్మమ్మ పోయింది. మామయ్యకు తల్లి అంటే ప్రాణం. కొన్నాళ్ళయ్యాక, ఆ వయసుకు సహజమైన మొరటుదనంతో అడిగాను. "అమ్మమ్మ ఇక ఎక్కడా లేదంటావు కదా, ఎలా తట్టుకుంటున్నావు మామయ్యా?" ఆయన కుర్చీ అంచుకు జరగలేదు. "ఆత్మ ఉందనడానికి ఆధారం లేదు" అన్నాడు, పాఠం అప్పజెప్పినట్లు. నేను అడిగింది ఆత్మ గురించి కాదు. ఆ మాట ఆయనకూ తెలుసు.

నెల తిరక్కముందే నీలం రంగు ఇన్‌లాండ్ కవరు వచ్చింది. మామయ్య దస్తూరీ గుండ్రంగా, ఏ అక్షరానికి ఆ అక్షరం విడివిడిగా ఉండేది. మొదటి సగం అలాగే ఉంది: నా చదువు, నాన్న ఆరోగ్యం, అమ్మకు ఏదో కబురు. అంటించే మడత దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు చిన్నవైపోయి, ఒకదానిమీద ఒకటి పడుతూ, అంచు వెంబడి నిలువుగా తిరిగాయి. కవరు విప్పినప్పుడు జిగురు అంటుకుని కొన్ని మాటలు చిరిగాయి. మిగిలినవి ఇవి. "ఆ రోజు నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. తట్టుకోవడం లేదు. అమ్మ ఎక్కడో ఉందనుకుంటే హాయిగా ఉంటుంది. కానీ అప్పుడు నా హాయి కోసం అమ్మను వాడుకున్నట్లు ఉంటుంది. లేదు అనుకుంటేనే, ఎంత ఉండేదో తెలుస్తోంది." కింద సంతకానికి చోటు చాలలేదు.

ఉత్తరం తాతయ్యకు చూపించాను. రెండుసార్లు చదివి, "వీడు లోపల భక్తుడేరా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నాస్తికుడు హృదయమున్న మాట ఒకటి అంటే చాలు, లోపల మనవాడే అని తమ ఖాతాలో వేసేసుకోవడం ఆస్తికులకు అలవాటు. ఎదుటివాళ్ళు తక్కువ తినలేదు. భక్తుడు తెలివైన మాట అంటే, ఆయనా నిజానికి నమ్మడు, లోకం కోసం అలా ఉంటాడు అని కలిపేసుకుంటారు. మనిషి చెప్పిన జవాబును చెప్పినట్లు ఉంచడం ఎవరికీ ఇష్టం ఉండదు.

తరవాత హాస్టల్ రోజులు. పరీక్షలు దగ్గరపడేకొద్దీ దేవుడి మీద చర్చలు ముదిరేవి. ఇరుపక్షాల ఆయుధాలూ పుస్తకాల్లోంచి వచ్చినవే. నాస్తికుల దగ్గర ఇంగ్లీషు తత్త్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ 1952లో రాసిన టీ కూజా ఉండేది. భూమికీ అంగారకుడికీ మధ్య ఒక పింగాణీ టీ కూజా సూర్యుడి చుట్టూ తిరుగుతోంది, దుర్భిణికి కూడా అందనంత చిన్నది అని నేనంటే, లేదని మీరు నిరూపించలేరు. అంతమాత్రాన నమ్ముతారా? ఉందన్నవాడే నిరూపించాలి. ఆస్తికుల దగ్గర ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ పందెం ఉండేది. ఉన్నాడని నమ్మి, నిజంగా ఉంటే లాభానికి అంతులేదు. లేకపోతే పోయేది స్వల్పం. కాబట్టి నమ్మడమే మంచి బేరం. "ఏ మతం దేవుడి మీద కాయాలి పందెం?" అని అవతలివాళ్ళు అడిగేవారు. అక్కడితో అరుపులు మొదలయ్యేవి.

మా లెక్కల లెక్చరర్ మహా భక్తులు. సంభావ్యత పాఠం మొదలుపెట్టిన రోజు పాస్కల్ గురించి చెప్పారు. 1654లో పాస్కల్, సాటి గణితవేత్త ఫెర్మా రాసుకున్న ఉత్తరాల్లోనే ఈ శాస్త్రానికి పునాది పడింది. అదే ఏడాది నవంబరు 23 రాత్రి పాస్కల్‌కు ఏదో అనుభవం కలిగింది. రాత్రి పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా అని వేళ కూడా వేసుకుని ఒక కాగితం రాసుకున్నాడు. నిప్పు అనే మాటతో మొదలుపెట్టి, ఈ దేవుడు తత్త్వవేత్తల దేవుడు, పండితుల దేవుడు కాదని రాశాడు. దాన్ని తన కోటు అస్తరులో కుట్టుకున్నాడు. 1662లో ఆయన పోయాక గాని అది బయటపడలేదు. "పందెం లెక్క మనకోసం. కాగితం తనకోసం" అన్నారు మా సార్. క్లాసు నిశ్శబ్దమైపోయింది. వెనక బెంచీలోంచి మావాడొకడు లేచి, "సార్, మరి మీ కోటులో ఏముంది?" అన్నాడు.

"నేను కోటు వేసుకోను. కూర్చో" అని బోర్డు వైపు తిరిగారు.

అది తప్పించుకోవడమే. అయినా ఆయన మీద గౌరవం పెరిగింది. సృష్టి, గడియారం అంటూ అరువు కారణం ఒకటి మా ముందు పడేసి పంపించవచ్చు. ఆ పని చెయ్యలేదు.

నా గదిలోనే ఉండే మిత్రుడు పాస్టరుగారబ్బాయి. వాడి తమ్ముడు జబ్బుచేసి చనిపోయిన ఏడాది, మా చర్చావీరుల్లో ఒకడు వాడి మొహం మీదే, "మీ దేవుడు ఎందుకు కాపాడలేదు?" అని అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. అడిగిన వేళ మాత్రం దుర్మార్గం. మావాడు దేవుడి తరఫున ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి బైబిలు తీసి యోబు గ్రంథం నాకు చదివి వినిపించాడు. అన్నీ పోగొట్టుకున్న యోబు, ఎందుకిలా చేశావని దేవుణ్ణి నిలదీస్తాడు. ముగ్గురు స్నేహితులు వచ్చి, దేవుడు న్యాయవంతుడు, తప్పు నీదే అయి ఉంటుంది అని వాదిస్తారు. చివరికి దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు. ఎందుకు అన్నదానికి మాత్రం జవాబు లేదు. నేను భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వు ఎక్కడున్నావు అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

నాకు నవ్వాగలేదు. అచ్చం మా మామయ్య! మామయ్య సంగతి చెబితే వాడూ నవ్వాడు, ఇంటి నుంచి ఆ కబురు వచ్చిన తరవాత మొదటిసారి. అప్పుడు ఆఖరి అధ్యాయం తీశాడు. అక్కడ దేవుడు కోప్పడేది నిలదీసిన యోబును కాదు, తన తరఫున వాదించిన ఆ ముగ్గురినీ. నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్ను గురించి సరిగా పలకలేదంటాడు. "ఇది చదివాక దేవుడి తరఫున వాదించాలంటే నాకు భయం" అన్నాడు మావాడు. ఇంతకంటే మంచి సమాధానం ఆ హాస్టల్‌లో ఎవరూ చెప్పలేదు. చెప్పింది కూడా అడిగినవాడికి కాదు.

అవతలిపక్షంలో నాకు అంత నచ్చిన సమాధానం భగత్ సింగ్‌ది. 1930లో లాహోరు జైలులో, ఉరిశిక్ష పడబోతోందని తెలిసి రాసిన వ్యాసం. దేవుడు లేడనడం నీ అహంకారం అన్నారు సాటివాళ్ళు. నేనైతే ఆధారాల పట్టిక ముందు పరిచేవాణ్ణి. ఆయన మొదట ఆ నిందనే చేతిలోకి తీసుకుని, నిజంగా ఇది అహంకారమేనా అని తనను తాను వెతుక్కున్నాడు. హిందువైతే రాజుగా మళ్ళీ పుడతాననుకోవచ్చు, ముస్లిమో క్రైస్తవుడో అయితే స్వర్గసుఖాలు ఊహించుకోవచ్చు, మెడకు తాడు బిగిసి కాళ్ళ కింద పలక తొలగిన క్షణమే నాకు ఆఖరి క్షణం అని రాశాడు. 1931 మార్చి 23న ఉరితీశారు. ఈ వ్యాసం ఆ ఏడాది సెప్టెంబరులో అచ్చయింది.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చూస్తే, తాతయ్య, మామయ్య ఒకే పుస్తకాన్ని వంతులవారీగా చదువుతున్నారు. గాంధీతో తన సంభాషణల గురించి తెలుగు నాస్తికోద్యమ నాయకుడు గోరా రాసిన చిన్న ఇంగ్లీషు పుస్తకం, 1951లో అచ్చయింది. మామయ్యకు గోరా అంటే గురి. తాతయ్యకు గాంధీ అంటే గురి. ఎవరి పేజీలు వాళ్ళు చదువుకుంటారేమో అనుకున్నాను. కాదు, ఎదుటివాడి పేజీలే ఎక్కువ నలిగాయి. 1930లో గోరా, మీరు దేవుడంటున్నారు కదా, అంటే ఏమిటని గాంధీకి ఉత్తరం రాస్తే, దేవుడు మనిషి గ్రహింపుకు అందడు అన్నట్లు ఒక్క ముక్కలో తేల్చేశారు గాంధీ. "ఇది మీ నిద్ర జవాబు" అన్నాడు మామయ్య. తాతయ్య ఉడుక్కోలేదు. 1944లో ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకున్నాక గాంధీ స్వరం మారుతుంది. నా ఆస్తికత్వం ఒప్పనీ అనలేను, నీ నాస్తికత్వం తప్పనీ అనలేను, మనం సత్యాన్వేషులం అంటారు. గోరా కుమార్తె పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపించడానికి ఒప్పుకున్నారు. అది జరిగేనాటికి, 1948 మార్చికి, గాంధీ లేరు. ప్రమాణాల్లో దేవుడి స్థానంలో సత్యం అని వాడారు.

ఉత్తరంలో ఒక్క ముక్క జవాబిచ్చిన మనిషి, ఎదురుగా కూర్చుంటే అంత మాట ఎలా అన్నారో తాతయ్య చాలా రోజులు ఆలోచించాడు. "ఆ గోరా పల్లెల్లో అంటరానితనం మీద పనిచేసి వచ్చి కూర్చున్నాడు. ఉత్తరంలో అది కనబడదు కదా" అన్నాడు ఒకనాడు. మామయ్య ఔననలేదు, కాదనలేదు.

వయసు పైబడ్డాక మామయ్య వాదాలు తగ్గించాడు. కుర్రవాళ్ళెవరైనా రెచ్చగొడితే డార్విన్ మాట అరువు తెచ్చుకునేవాడు. 1879లో ఎవరో ఉత్తరం రాసి మీ నమ్మకం ఏమిటని అడిగితే, అది నాకు తప్ప ఇంకెవరికీ అక్కరలేని విషయం, అడిగారు కాబట్టి చెబుతున్నాను, నా అభిప్రాయం తరచు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది అని డార్విన్ రాశాడట. "నీదీ ఊగుతుందా మామయ్యా?" అన్నాను. "డార్విన్‌ది ఊగింది. నాకు నడుమే ఊగుతోంది" అన్నాడు.

ఆఖరి జబ్బులో ఆస్పత్రిలో ఉన్నప్పుడు వరసకు తమ్ముడయ్యే ఒకాయన చూడటానికి వచ్చాడు. వచ్చీ రాగానే, "అన్నయ్యా, ఇప్పటికైనా దేవుణ్ణి తలుచుకుంటున్నావా?" అన్నాడు. నాకు గుండెలో రాయి పడింది. 1776లో, చావుకు దగ్గరపడిన స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్‌ను రచయిత బాస్వెల్ వెళ్ళి ఇలాగే అడిగిన ఘట్టం మామయ్యకు కంఠతా వచ్చు. మరణానంతర జీవితం ఉండే అవకాశం లేదా అంటే, నిప్పులో వేసిన బొగ్గు కాలకపోయే అవకాశం కూడా ఉంది అన్నాడు హ్యూమ్. ఆ బొగ్గు ఇప్పుడు ఈయన మొహాన పడుతుందని నేను సిద్ధమైపోయాను.

మామయ్య ఆయన వంక చాలాసేపు చూశాడు. "నాకోసం అడుగుతున్నావా, నీకోసం అడుగుతున్నావా?"

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "నాకోసమే. నాకూ ఆపరేషన్ అంటున్నారు."

"ఒరేయ్, నువ్వు కాసేపు బయటికి వెళ్ళు" అన్నాడు మామయ్య నాతో. జీవితమంతా పెద్దవాళ్ళ మధ్య దూరి కూర్చున్నవాణ్ణి, అసలు సమయానికి మందుల చీటీ చేతిలో పెట్టి పంపించేశారు. వరండాలో కావలసినంత సేపు పచార్లు చేసి లోపలికి వెళ్ళేసరికి, ఇద్దరూ పెన్షన్ కాగితాల గురించి మాట్లాడుకుంటున్నారు.